వినబడటం వేరు, మాట అందడం వేరు: వినికిడి పరీక్షలో మన ఇంటి భాష

"వినిపిస్తోంది నాయనా, ఏమంటున్నారో తెలియట్లేదు." మా నానమ్మ ఈ మాట అన్నప్పుడు ఇంట్లో ఎవరం పట్టించుకోలేదు. పెద్దవయసు కదా, ధ్యాస తగ్గింది అనుకున్నాం. అది చెవి పరీక్షలు చేసేవాళ్లు చెవులు రిక్కించి వినే ఫిర్యాదని తర్వాత తెలిసింది. శబ్దం చెవికి చేరడం ఒక పని. ఆ శబ్దంలోంచి మాటను పోల్చుకోవడం ఇంకో పని, సగం చెవిది, సగం మెదడుది. ఈ రెండో పనినే స్పీచ్ పర్సెప్షన్ అంటారు.

దీన్ని చదువుకునే పిల్లలు మన సికింద్రాబాద్‌లోనే ఉన్నారు. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఉంది. అసలు సంస్థ 1983లో ముంబైలో పెట్టారు. పేరు మాత్రం మన హైదరాబాదీదే. అలీ యావర్ జంగ్ ఉస్మానియా, అలీగఢ్ యూనివర్సిటీలు రెండింటికీ వైస్ ఛాన్సలర్‌గా చేశారు, మహారాష్ట్ర గవర్నర్‌గా ఉండగా 1976లో పోయారు. ఆ బోర్డు ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఆయనెవరో ఎంతమందికి తెలుసో మరి! ఉపకార్ సర్కిల్ దగ్గర స్వీకార్ సంస్థలో కూడా ఈ కోర్సులున్నాయి.

ఈ సబ్జెక్టులో పీజీ చేసేవాళ్లు డిసర్టేషన్ రాయాలి. దానికి వినేవాళ్లు కావాలి. అంటే మనలాంటి మామూలు మనుషులు, మన పిల్లలు, మన ముసలివాళ్లు.

పరీక్ష ఇలా ఉంటుంది. బయటి చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెడతారు. ముందు బీప్ శబ్దాలు వస్తాయి, వినపడగానే బటన్ నొక్కాలి. చాలామంది చెవి పరీక్ష అంటే ఇంతే అనుకుంటారు. అసలు సంగతి దాని తర్వాత ఉంది. ఒక్కో మాట వినిపిస్తారు, విన్నది తిరిగి చెప్పాలి. 25 మాటల జాబితా అయితే ఒక్కో మాటకు 4 శాతం. బీప్ పరీక్షలో ఒకే రిపోర్టు వచ్చిన ఇద్దరిలో ఒకరికి మాటల్లో 90 దాటొచ్చు, ఇంకొకరికి 50 దగ్గరే ఆగిపోవచ్చు. వినికిడి యంత్రం వల్ల ఎంత లాభం ఉంటుందో అంచనా వేసేటప్పుడు ఈ రెండో లెక్క కూడా చూడాలి. యంత్రం శబ్దాన్ని పెంచగలదు, మాటను విడదీసి చెప్పలేదు. విద్యార్థులు ఇదే పరీక్షను పెళ్లి హాల్లో లాంటి గోలను కలిపి కూడా చేస్తారు. మనం మాట్లాడుకునేది ఎక్కువగా ఆ గోలలోనే కదా.

జాబితాలో ఏ మాటలుండాలి అన్నదే పెద్ద తలనొప్పి. ఇంగ్లీషులో ఒకే ఊపులో అయిపోయే చిన్న మాటలు బోలెడున్నాయి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అందుకని రెండక్షరాల మాటలు వాడుకోవాల్సి వస్తుంది. ఇంగ్లీషు జాబితాను అనువాదం చేస్తే కుదరదు. మన భాషలో ఏ శబ్దం ఎంత తరచుగా వస్తుందో చూసి, అందరికీ తెలిసిన మాటలతో కొత్తగా కట్టాలి. పాట–పాత, కోట–కోత లాంటి జంటల్లో తేడా ఒక్క హల్లుదే. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన పరిశోధనలో ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన 6–8 నెలల పిల్లలు హిందీ త, ట తేడాను పట్టగలిగారు, ఏడాది నిండేసరికి పట్టలేకపోయారు. ఇంట్లో వినని తేడాను చెవి వదిలేస్తుందన్నమాట.

మాట మొత్తం పూర్తయ్యేదాకా మెదడు ఆగదు. "మం" అని వినగానే మంచం, మంట, మందు, మంత్రి అన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయి. తర్వాతి శబ్దం వచ్చేకొద్దీ ఒక్కొక్కటీ కూర్చుంటాయి. విలియం మార్స్‌లెన్-విల్సన్ 1970ల చివర్లో చెప్పిన కోహార్ట్ సిద్ధాంతం స్థూలంగా ఇదే. రెండు భాషల ఇళ్లలో లేచే మాటలు ఇంకా ఎక్కువ. 1999లో అమెరికాలో స్పైవీ, మేరియన్ రష్యన్–ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ల చూపును రికార్డు చేశారు. రష్యన్‌లో స్టాంపు తియ్యమంటే కళ్లు ఓ క్షణం పక్కనున్న మార్కర్ పెన్ను మీదికి కూడా వెళ్లాయి, ఎందుకంటే రష్యన్‌లో స్టాంపును "మార్కా" అంటారు. మన ఇళ్లకు ఇది కొత్తేం కాదు. ఉర్దూలో "బాత్" అంటే మాట, "భాత్" అంటే అన్నం, తెలుగులో "బాతు" చెరువులో ఉంటుంది.

ఇక్కడే మన కుటుంబాలు గమనించాల్సింది ఉంది. వాడుక తెలుగులో ఒత్తులు చాలావరకు పలకరు. ఉర్దూలో "కానా" అంటే ఒంటికన్నువాడు, "ఖానా" అంటే భోజనం. ఒత్తు పోతే అర్థమే పోతుంది. తెలుగే మాట్లాడే పిల్లవాడు "ఖానా" విని "కానా" అంటే తప్పు కింద వేస్తారు, కానీ అది చెవి తప్పు కాదు. ఉర్దూ ఇళ్లకూ చిక్కుంది. మన దక్కనీలో పెద్ద ఖాఫ్‌ను ఖే లాగే పలుకుతాం, అందుకే సమాధి అనే మాట, వార్త అనే మాట దాదాపు ఒక్కలాగే వినిపిస్తాయి. లక్నో ఉర్దూ జాబితాతో మన పాతబస్తీ దాదీకి పరీక్ష పెడితే మార్కులు తగ్గినా ఆశ్చర్యం లేదు.

మా నానమ్మకు జరిగింది దాదాపు ఇదే. మాది గుంటూరు వైపు దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష లేదు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో పేరు చూసి ఉర్దూలో మాటలు చదివారు. ఆమె పాపం మర్యాదకు ఏదో ఒకటి చెప్పుకుంటూ పోయింది. రిపోర్టులో మాటల స్కోరు 36 శాతం. ఇంకో చోట తెలుగులో చేస్తే 72. మొదటి కాగితాన్నే నమ్మి ఉంటే యంత్రం దండగ అనుకుని ఊరుకునేవాళ్లం. నేను బీకాం చదివినవాణ్ని, అంకె కనిపిస్తే నమ్మేస్తాను. ఆ అంకె ఏ భాషలో వచ్చిందో అడగాలని ఆ రోజు దాకా తోచలేదు.

కాబట్టి పరీక్షకు వెళ్లినా, విద్యార్థి పరిశోధనకు పిలిచినా, ముందే చెప్పండి: ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష, మదరసాకు వెళ్తే అక్కడేది. ముస్లిం అనగానే ఉర్దూ అని రాసేసుకుంటే మొహమాటపడకుండా సరిచేయించండి. పిల్లవాడు రెండు భాషల్లో పెరుగుతుంటే రెండింట్లోనూ పరీక్ష కుదురుతుందేమో అడగండి. మాటల స్కోరు పక్కన ఏ భాష జాబితా వాడారో రాయించుకోండి.

పరిశోధన అయితే సమ్మతి పత్రం ఇస్తారు. మీకు తెలిసిన భాషలో చదివి వినిపించమనండి. 18 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల సంతకం కావాలి. మధ్యలో వద్దనుకుంటే లేచి రావచ్చు, దానివల్ల వైద్యం ఆపకూడదు. అయితే అందరం అలా లేచి వచ్చేస్తే మన ఇళ్ల భాషకు సరిపోయే జాబితాలు ఎవరు తయారుచేస్తారన్న ప్రశ్న కూడా ఉంది.

ఇంటర్ సైన్సు చదువుతున్న అమ్మాయిలు, అబ్బాయిలు ఇంట్లో ఉంటే వాళ్ల చెవిన కూడా ఒక మాట వేయండి. ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ డిగ్రీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి 4 ఏళ్లు. చేరేముందు కాలేజీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. పాసయ్యాక ప్రాక్టీసు చేయాలంటే ఆ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. తెలుగు, దక్కనీ రెండూ ఇంట్లోనే నేర్చుకున్న పిల్లలకు ఈ పనిలో సగం సామగ్రి ముందే చేతిలో ఉన్నట్టు.