సెలవులు మనుషులకా, పుస్తకాలకా?

ఎండాకాలం వచ్చిందంటే మా నస్పూర్‌లో మూడు పనులు ఆగకుండా సాగుతాయి. ఒకటి మామిడికాయ తొక్కు పెట్టడం, రెండోది పెళ్ళిళ్ళు, మూడోది బొగ్గు తవ్వడం. భూమి లోపలి షిఫ్టులకి వేసవి సెలవులంటూ లేవు కదా! ఆగిపోయేదల్లా చదువే. బడికి తాళం, కాలేజీకి తాళం, చాలాచోట్ల కాలేజీ లైబ్రరీకి ఇంకాస్త పెద్ద తాళం. పిల్లలకి ఊపిరి సలపనన్నాళ్ళూ తెరిచి ఉండే బీరువాలు, వాళ్ళకి తీరిక చిక్కిన రోజునే మూతపడతాయి. ఇదేం చోద్యమో మీరే చెప్పండి.

నస్పూర్ ఎక్కడుందంటారా? మంచిర్యాలని ఆనుకుని ఉన్న సింగరేణి ఊరు. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. కలెక్టరు ఆఫీసు కొత్త భవనం 2023లో మా దగ్గరే తెరిచారు. ఎండల సంగతి చెప్పక్కర్లేదు. బొగ్గు బాయిల ఊరికి నలభై అయిదు డిగ్రీలంటే చుట్టం కిందే లెక్క.

పోయిన వేసవిలో మా పక్క క్వార్టర్ అమ్మాయి పరీక్షలకి పది రోజుల ముందు లైబ్రరీ పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని బయల్దేరింది.

"పరీక్షలు కాకముందే ఇచ్చేస్తున్నవేందే?" అన్నాను.

"బాకీ ఏం లేదని లైబ్రరీ సార్ సంతకం పెడ్తేనే హాల్ టికెట్ ఇస్తరు ఆంటీ" అంది.

ఏ పరీక్ష కోసం పుస్తకం కావాలో, ఆ పరీక్ష రాయాలంటే ఆ పుస్తకమే వదులుకోవాలి! పుస్తకాలు పోతే జీతంలో కోస్తారన్న భయం లైబ్రరీ సారుది. ఆయన్నీ తప్పుపట్టలేం.

ఈ భయం మన దేశానిదే కాదు లెండి. అమెరికాలో హార్వర్డ్ కాలేజీ లైబ్రేరియనుగా 1856 నుంచి 1877 దాకా సిబ్లీ అనే ఆయన ఉండేవాడు. ఏడాది చివర పుస్తకాలన్నీ వెనక్కి రప్పించి లెక్క చూసుకోవడం అక్కడి రివాజు. ఒకనాడు ఆయన మహా సంతోషంగా పోతుంటే ఎవరో కారణం అడిగారట. అన్ని పుస్తకాలూ బీరువాల్లోకి వచ్చేశాయి, రెండే మిగిలాయి, అవి అగాసీ అనే ప్రొఫెసరు దగ్గరున్నాయి, వాటి కోసమే పోతున్నాను అన్నాడట! అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందైతే యూరపులో పుస్తకాలని బల్లలకి గొలుసులేసి కట్టేవాళ్ళు. మన వాళ్ళు గొలుసు తీసి తాళం వేశారు, అంతే తేడా.

ఈ తాళాల మీద మొదట కోపం తెచ్చుకున్నది ఓ లెక్కల మాస్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పుకునే రంగనాథన్ గారు 1924లో విశ్వవిద్యాలయం లైబ్రేరియను అయ్యారు. మొదట్లో ఆ కుర్చీలో కూర్చోలేక, మళ్ళీ పాఠాలే చెప్పుకుంటానని మొరపెట్టుకున్నారట. తర్వాత ఆ పనిలోనే జీవితం గడిపారు. గ్రంథాలయాలు నడపడమెలాగో నేర్పే బడి 1929లో మద్రాసులో మొదలైంది ఆయన చొరవతోనే. అది వేసవి బడి అని గమనించండి! 1931లో అచ్చయిన పుస్తకంలో ఆయన అయిదు సూత్రాలు చెప్పారు. మొదటి సూత్రం సారాంశం ఇంతే: పుస్తకం ఉన్నది దాచడానికి కాదు, వాడుకోవడానికి.

మన తెలంగాణాలో ఈ సంగతి సూత్రాలు రాకముందే తెలిసినవాళ్ళున్నారు. నిజాం రాజ్యంలో పై చదువు తెలుగులో ఉండేది కాదు. 1918లో వచ్చిన ఉస్మానియాలో కూడా పాఠాలు ఉర్దూలోనే. మరి తెలుగు పుస్తకం కావాలంటే? 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావుగారి వంటి పెద్దలు దానికి ప్రాణం పోశారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర నిలయం, మరుసటి ఏడు సికింద్రాబాదులో ఇంకొకటి. బడి ఇవ్వని తెలుగుని గ్రంథాలయం ఇచ్చిందన్న మాట. రంగారావుగారు పోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారు ఆ నిలయం సొంత ఇంటి కోసం విరాళమిచ్చారు. చరిత్రలో ఇలాంటి ఇల్లాళ్ళకి ఒక్క వాక్యమే దక్కుతుంది. మనమైనా రెండు వాక్యాలు చెప్పుకోవద్దూ?

కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణంగారు ఇంకో అడుగు ముందుకేశారు. చదివేవాళ్ళు రాలేకపోతే పుస్తకాలే పోతాయని, 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. ఇల్లు కదలలేని ఆడవాళ్ళకి రేవులోకి పుస్తకం వచ్చిందంటే ఎంత సంబరమో ఊహించుకోండి.

మా తరానికి ఆ పడవ ఇంకో రూపంలో వచ్చింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఇప్పుడది అంబేద్కర్ పేరు మీద ఉంది. ఇంటరు లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్నారు. నేనూ ఆ దారిన బి.ఏ. చేసినదాన్నే. పాఠ్య పుస్తకాలు మనవే, మన ఇంట్లోనే ఉంటాయి. వడియాలు ఎండేలోపు నాలుగు పేజీలు, పిల్లలు పడుకున్నాక నాలుగు పేజీలు. ఎండాకాలమని ఎవరూ వెనక్కి తెమ్మనలేదు. అదృష్టమంటే అదే!

ఇప్పటి పిల్లలకి ఏం తక్కువ అంటారేమో. నిజమే, 2010 నుంచి ఎన్-లిస్ట్ అనే సదుపాయం ఉంది. కాలేజీ చేరితే విద్యార్థి ఇంట్లోంచే వేలాది పత్రికలు, లక్షకు పైగా పుస్తకాలు చూడవచ్చు. 2018లో జాతికి అంకితం చేసిన నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు, పైసా ఖర్చులేదు. కానీ ఇంటికి ఒకటే మంచి ఫోను ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుంది? అన్న చేతిలో. చెల్లెలు గిన్నెలు తోముకుని వచ్చేసరికి ఛార్జింగు అయిపోతుంది.

మా జిల్లా పల్లెల్లో ఏప్రిల్, మే నెలలు తునికాకు రోజులు. తల్లితో తెల్లవారుజామునే అడవికి పోయి ఆకు తెంపి, మధ్యాహ్నం కట్టలు కట్టే కాలేజీ పిల్లలున్నారు. ఆ కట్టల పక్కన ఒక పుస్తకం ఉంటే ఏం పోయింది? పట్నం పిల్లలకైతే పెళ్ళి చూపులు. రెండు నెలల సెలవుల్లో ఆడపిల్ల చేతిలో పుస్తకం లేకపోతే, ఆ చేతికి పని చెప్పడానికి చుట్టాలందరూ సిద్ధంగా ఉంటారు. జూన్‌లో కాలేజీ తెరిచేసరికి కొందరి పేర్లు హాజరుపట్టీలో ఉంటాయి గాని పలకడానికి వాళ్ళుండరు.

ఇంగ్లండులో చాలా కాలేజీల్లో సెలవుల ముందు తీసుకున్న పుస్తకాలు మళ్ళీ తెరిచాక ఇస్తే చాలు. మన దగ్గరా వారానికి రెండు రోజులు, పొద్దున్న ఎండ ముదిరేలోపు లైబ్రరీ తీస్తే చాలదూ? అది కుదరకపోతే ఊళ్ళో పౌర గ్రంథాలయం ఉండనే ఉంది. మన ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు కలిపే వసూలు చేస్తారు. అంటే అక్కడి కుర్చీలో సగం మనదే! ఉద్యోగాల పరీక్షలకి చదివే మగపిల్లలతో నిండిపోయి ఉంటుందని జంకకండి. అమ్మాయితో పాటు మీరూ వెళ్ళి పక్కన కూర్చోండి. ఒక తల్లి వారపత్రిక తిరగేస్తూ కూర్చుంటే ఇంకో నలుగురు ఆడపిల్లలు ధైర్యంగా వస్తారు.

కాలేజీలో చేర్పించేటప్పుడు ఫీజు ఎంత, బస్సు ఉందా అని అన్నీ అడుగుతాం. ఈసారి ఇంకొక్క మాట కూడా అడుగుదాం: "సెలవుల్లో మా అమ్మాయికి పుస్తకాలిస్తారా?" పదిమంది తల్లులు అడిగితే పదకొండో తల్లికి తాళం తీసే ఉంచుతారు.