కంకర నాణ్యత పరీక్షలు (సిమెంటు రోడ్లు)

సిసి రోడ్డు ఘనపరిమాణంలో సింహభాగం కంకర, ఇసుకలదే. పైనుంచి పడే బరువును మోసేవీ, చక్రాల రాపిడికి అరిగేవీ ఎక్కువగా అవే. నిజామాబాద్ జిల్లా సిరికొండ వైపు గ్రానైటు, నైస్ రాళ్లు ఎక్కువ. ఉమ్మడి జిల్లా పడమటి అంచున జుక్కల్, మద్నూరు దారిలో దక్కన్ నల్లరాయి కనిపిస్తుంది. తాజా రాయి రెండుచోట్లా గట్టిదే.

రోడ్డు రాయికి కొలత పెట్టడం సిమెంటు రోడ్ల కంటే పాతది. 19వ శతాబ్దం తొలినాళ్లలో రోడ్ల ఇంజినీరు మెకాడమ్, కంకర ముక్క 6 ఔన్సులు, అంటే సుమారు 170 గ్రాములు మించకూడదని నియమం పెట్టాడు. 1870ల్లో ఫ్రాన్సులో వచ్చిన దెవాల్ యంత్రం రాళ్లను ఒకదానితో ఒకటి రాపాడించి, రాలిన పొడిని తూచేది. ఇనుప పట్టీల బండిచక్రాల కాలం అది. 1930ల చివర బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ మొదలయ్యేనాటికి ఇక్కడా సరుకు రవాణా చాలావరకు ఎడ్లబండ్ల మీదే.

దెవాల్ పరీక్షలో మంచి రాయికీ నాసిరాయికీ తేడా స్పష్టంగా తేలేది కాదు. 1920ల్లో లాస్ ఏంజెలెస్ ఇంజినీర్లు డ్రమ్ములో ఇనుప గుండ్లు కూడా వేసి ఆ లోటు తీర్చారు. మన దేశంలో 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడింది. కంకర పరీక్షల పద్ధతులు 1963లో భారత ప్రమాణం ఐఎస్ 2386గా ఒక్కచోటికి చేరాయి.

ఇప్పటికీ అదే డ్రమ్ము. 20 మి.మీ. లోపు కంకర 5 కిలోలు, 11 గుండ్లు వేసి 500 చుట్లు తిప్పుతారు. చెవులు గళ్లుపడే ఆ మోత పావుగంటకు పైనే సాగుతుంది. తర్వాత 1.70 మి.మీ. జల్లెడ పడతారు; కిందికి రాలిన పొడే అరుగుదల. చక్రాలు నేరుగా తిరిగే కాంక్రీటుకు ఐఎస్ 383 ప్రకారం అరుగుదల 30 శాతం దాటకూడదు. అభిఘాత పరీక్ష ఇంకా సులువు: సుమారు 14 కిలోల సుత్తిని 380 మి.మీ. ఎత్తు నుంచి 15 సార్లు వదలడమే. పరికరం చిన్నది కాబట్టి పని జరిగేచోటికే తీసుకెళ్లొచ్చు.

గ్రానైటు ఈ రెండు పరీక్షల్లోనూ సాధారణంగా నెగ్గుతుంది. చిక్కంతా ఆకారంతోనూ, దుమ్ముతోనూ. క్రషర్ దవడల నుంచి పలకల్లా వచ్చిన ముక్కలు కాంక్రీటులో అడ్డంగా పడుకుంటాయి, వాటి కింద నీరు చేరుతుంది, సన్నవి విరుగుతాయి. కంకరకు డస్ట్ అంటుకుంటే సిమెంటు పట్టు దొరకదు. క్వారీ పైపొరలోని శిథిలరాయి కలిస్తే మరీ ప్రమాదం. ఉపాధి హామీ సామగ్రి నిధులతో ఊళ్లలో వేసే సిసి రోడ్లకు నా దృష్టిలో డ్రమ్ము కంటే ముందు కావలసింది పలక ముక్కలను కొలిచే గేజీ, కంకర కడగడానికి నీళ్ల ట్యాంకరు.

నమూనా ఎక్కడ తీశారన్నదీ ముఖ్యమే. కుప్ప పోసినప్పుడు పెద్ద రాళ్లు అడుగుకు దొర్లుతాయి, సన్నవి నడుమ నిలుస్తాయి. అందుకని పైనా మధ్యనా అడుగునా తలా కొంత తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండింటినే ల్యాబుకు పంపుతారు.