మూత్రపిండ క్యాన్సర్: అనంతపురంలో నీళ్ల మీద నింద

అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. లోతు బోర్ల నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. 1990ల మధ్యలో సత్యసాయి మంచినీటి పథకం 700కు పైగా గ్రామాలకు నీళ్లు అందించిన నేల ఇది. అందుకే ఇక్కడ కిడ్నీకి ఏమొచ్చినా నింద నీళ్ల మీదికే పోతుంది. రాళ్ల విషయంలో అందులో నిజముంది: ఎండలో చెమటోడ్చి, తాగింది చాలక మూత్రం చిక్కబడితే రాళ్లు కడతాయి. క్యాన్సర్ దగ్గర మాత్రం లెక్క వేరు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1987లో తాగునీటి ఫ్లోరైడ్‌ను క్యాన్సర్ కారకమని గానీ కాదని గానీ తేల్చలేని మూడో వర్గంలో ఉంచింది. అలాగని ఫ్లోరైడ్ మంచిదని కాదు. మోతాదు మించితే పళ్లనూ ఎముకలనూ అది పాడుచేయడం రుజువైన సంగతే. కిడ్నీ క్యాన్సర్‌కు గట్టి సాక్ష్యం ఉన్నది పొగతాగడం, ఊబకాయం, అధిక రక్తపోటు మీద. ఏళ్ల తరబడి డయాలసిస్ మీదున్నవారికీ, కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగానూ ముప్పు ఎక్కువ. బీడీ ముట్టించుకుని బోరు నీళ్లను తిట్టడంలో ఉన్న పొరపాటు ఇదే. నివారణ అంటే ప్రధానంగా బీడీ మానడం, బరువూ బీపీ అదుపులో పెట్టుకోవడం.

నింద దారి తప్పితే వైద్యమూ ఆలస్యమవుతుంది. వేరుశనగ చేలో మూత్రం ఎర్రగా పడితే ‘వేడి చేసింది’ అని బార్లీ నీళ్లు తాగుతారు. రెండు రోజుల్లో తేటపడుతుంది, నమ్మకం కుదురుతుంది. నిజానికి కిడ్నీలో క్యాన్సర్ గడ్డ ఉంటే దాని నుంచి రక్తం వచ్చి ఆగుతూ ఉంటుంది. తేటపడటం బార్లీ గొప్ప కాదు. రాయి కదిలితే సాధారణంగా నడుము నుంచి గజ్జల దాకా మెలిపెట్టే నొప్పి ఉంటుంది. నొప్పి లేకుండా రక్తం పడితేనే ఎక్కువ భయపడాలి. అలాగైతే ఊరందరికీ ఏటా స్కానింగ్ చేయొచ్చుగా అంటారు. జబ్బు అరుదు కాబట్టి వైద్యులు దాన్ని సిఫారసు చేయరు. కానీ ఎర్రటి మూత్రం ఒక్కసారి కనబడినా స్కానింగ్ తప్పదు.

గడ్డ కిడ్నీ దాటకముందు దొరికితే ఆపరేషనే అసలు చికిత్స. 4 సెంటీమీటర్ల లోపుదైతే వీలైనంత వరకు గడ్డ ఉన్న భాగాన్నే తీసి మిగతా కిడ్నీని కాపాడతారు. మామూలు కీమోథెరపీకి ఇది పెద్దగా లొంగదు. వ్యాధి పాకినప్పుడు అమెరికాలో 2006లో అనుమతి పొందిన సునిటినిబ్ వంటి మాత్రలు, 2015 నుంచి నివోలుమాబ్ వంటి రోగనిరోధక చికిత్సలు వాడుతున్నారు. ఖర్చుకు జడిసే పేదల కోసం ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలిగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ‘ఒక కిడ్నీ పోతే కూలికి పనికిరాం’ అన్న భయం ఇంకా ఉంది. రెండోది బాగుంటే కోలుకున్నాక చాలామంది మళ్లీ పనుల్లోకి వెళ్లొచ్చు. కాకపోతే బీపీ, షుగర్ చూపించుకుంటూ, ఒళ్లునొప్పుల మాత్రలు సొంతంగా కొని మింగడం మానాలి.