గురుకులం ఎక్కడ?

వైద్యం నాకు పరాయి శాస్త్రమే. అయినా బడిపంతులుగా బ్రతికినవాణ్ణి కనుక, ఎవరు ఎవరి దగ్గర చదువుకున్నారన్న చరిత్ర నన్నెప్పుడూ ఆకర్షిస్తుంది.

ఉగాండా ప్రజలు 'స్లిమ్' అని పిలిచిన, మనిషిని చిక్కిశల్యం చేసే వ్యాధిని గూర్చి 1985లో లాన్సెట్ పత్రికలో వ్రాసినవారిలో నెల్సన్ సెవాంకాంబో ఒకరు. అప్పటికి ఎయిడ్స్‌కు మందు లేదు. 1988లో అమెరికాలోని ఫోగర్టీ కేంద్రం ఎయిడ్స్ పరిశోధనలో శిక్షణ నారంభించింది; ఆఫ్రికా వైద్యులు విద్యకై సముద్రాలు దాటారు. రోగులొక ఖండంలో, పాఠశాలలు మరొక ఖండంలో!

ఆ దూరాన్ని తగ్గించడానికి 2001లో సెవాంకాంబో, అమెరికా వైద్యుడు మెర్ల్ శాండే మొదలైనవారు ఒక కూటమిగా ఏర్పడ్డారు. 2004లో కంపాలాలోని ములాగో ఆసుపత్రి చెంత, మకెరెరే విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, ఇన్ఫెక్షియస్ డిసీజెస్ ఇన్‌స్టిట్యూట్ భవనం వెలసింది. చికిత్స, శిక్షణ, పరిశోధన ఒక్కచోటికి చేరాయి. విదేశీ ఫెలోలు అక్కడికే వచ్చి స్థానిక వైద్యుల సరసన నేర్చుకోసాగారు.

ఫలితమేమిటంటారా? ఎయిడ్స్ రోగికి తోడుగా వచ్చే అనేక జబ్బులలో హెచ్ఐవీ మందులు త్వరగా మొదలుపెట్టడమే మేలు. మెదడుపొరలకు క్రిప్టోకాకస్ బూజు సోకినప్పుడు కూడా అంతేనా? ఈ సంస్థ వైద్యులు పాల్గొనగా, ఉగాండా, దక్షిణాఫ్రికాలలో 177 మందిపై జరిగిన పరిశోధన 2014లో కాదని తేల్చింది. రెండు వారాలలోపే మొదలుపెట్టినవారిలో 45 శాతం, ఐదు వారాలు ఆగినవారిలో 30 శాతం ఆరు నెలలలో మరణించారు. రోగి పడక చెంత గాక ఈ పాఠం మరెక్కడ దొరుకుతుంది?

2025లో అమెరికా తన విదేశీ సహాయానికి భారీగా కోత పెట్టింది. ఇటువంటి చదువులు ఆగితే నష్టం ఉగాండాకు మాత్రమే కాదు. ఆ పాఠం అందవలసిన రోగులు మన ఊళ్ళలోనూ ఉన్నారు.