వెళ్లిపోయిన స్నేహితుడి కోసం ఒక దీవి

జపాన్‌లో ఏటా ఫిబ్రవరి మొదటి వారంలో సెట్సుబున్ పండగ వస్తుంది. ఆ రోజు ఇంట్లో పెద్దవాళ్లెవరో కొమ్ములూ కోరలూ ఉన్న ముసుగు తగిలించుకుని గుమ్మంలో నిలబడతారు. కీడు బయటికి పోవాలని, భాగ్యం లోపలికి రావాలని కేకలు వేస్తూ పిల్లలు వేయించిన సోయా గింజలు విసిరి వాళ్లను తరుముతారు. ఆ ముసుగు ‘ఓని’ది. మన కథల్లో రాక్షసుడికి ఉన్న చోటే అక్కడి కథల్లో ఓనిది. జపాన్ పిల్లలు ఊహ తెలిసిన నాటి నుంచే వినే మొమొతారో కథలోనూ అంతే. పీచు పండులోంచి పుట్టిన ఆ బాలవీరుడు కుక్కనీ కోతినీ ఒక పక్షినీ వెంటబెట్టుకుని ఓనుల దీవి మీదికి దండెత్తుతాడు. వాళ్లను ఓడించి సొత్తుతో తిరిగొస్తాడు.

2011 డిసెంబర్ 17న జపాన్ థియేటర్లలో విడుదలైన ‘ఫ్రెండ్స్: మోనోనోకె షిమా నో నాకి’ అనే కంప్యూటర్ యానిమేషన్ సినిమా మనల్ని ఆ దీవికే తీసుకెళుతుంది. అయితే దండెత్తి వచ్చినవాడి పక్షాన కాదు, దీవిలో ఉన్నవాడి పక్షాన నిలబెడుతుంది. ఈ మలుపు పుట్టింది సినిమా వాళ్ల గదిలో కాదు, 1933లో రాసిన ఒక చిన్న పిల్లల కథలో.

ఆ కథ రాసిన హిరోసుకె హమదా 1893లో యమగత ప్రాంతంలో, నేటి తకహత పట్టణ పరిధిలో పుట్టారు. 1973లో కన్నుమూసేదాకా పిల్లల కోసం రాస్తూనే వచ్చారు. పిల్లల కథలకు పేరుపడ్డ డెన్మార్క్ రచయిత ఆండర్సన్‌తో పోల్చి జపాన్ వాళ్లు ఆయన్ని తమ ఆండర్సన్ అని చెప్పుకుంటారు. ‘నైత అక ఓని’ (ఏడ్చిన ఎర్ర ఓని) ఆయన కథలన్నిటిలోకీ పేరున్నది. అందులో ఎర్ర ఓనికి ఒకటే కోరిక, ఊరివాళ్లతో స్నేహంగా ఉండాలని. తినడానికి మిఠాయిలూ తాగడానికి తేనీరూ పెడతాను, ఎవరైనా రావచ్చునని ఇంటి ముందు పలక పెడతాడు. ఎవరూ నమ్మరు. ఉక్రోషంతో ఆ పలకను వాడే విరగ్గొడతాడు. అప్పుడు మిత్రుడు నీలి ఓని ఒక ఉపాయం చెబుతాడు. తాను ఊళ్లోకి వెళ్లి అల్లరి చేస్తాడు, ఎర్ర ఓని వచ్చి తనను కొట్టి తరిమేయాలి. ఉపాయం పారుతుంది. ఊరు ఎర్ర ఓనిని దగ్గరికి తీస్తుంది. కొన్నాళ్లకు మిత్రుణ్ణి వెతుక్కుంటూ వెళితే తలుపు మూసి ఉంటుంది. తామిద్దరూ కలిసి కనబడితే ఊరివాళ్లకు అనుమానం వస్తుంది కనుక దూరదేశం పోతున్నానని అక్కడ ఒక చీటీ ఉంటుంది. ఎర్ర ఓని దాన్ని మళ్లీ మళ్లీ చదివి ఏడుస్తాడు. కథ అక్కడితో ముగుస్తుంది.

ఈ కథను తెరకెక్కించినవాళ్లు ఇద్దరు దర్శకులు, తకాషి యమజాకి, ర్యూయిచి యాగి. ఇద్దరూ షిరోగుమి అనే స్టూడియో మనుషులే. 1974లో మొదలైన ఆ స్టూడియోలో యమజాకి 1986లో చేరారు. ఆయన పని మినియేచర్లు, గ్రాఫిక్స్. 2000లో ‘జువెనైల్’తో దర్శకుడయ్యారు. 2005లో వచ్చిన ‘ఆల్వేస్’లో 1958 నాటి టోక్యోను, అప్పుడప్పుడే పైకి లేస్తున్న టోక్యో టవర్‌తో సహా, మినియేచర్లనూ కంప్యూటర్ బొమ్మలనూ కలిపి కళ్ల ముందు నిలిపారు. ఇప్పుడు లేని చోటును చేత్తో కట్టి, కంప్యూటర్‌తో ప్రాణం పోయడం ఆయన చేయి తిరిగిన పని.

పది నిమిషాల్లో చదివే కథ సినిమాకు చాలదు. యమజాకి అందులోకి ఒక పసివాణ్ణి తెచ్చారు. మనుషులు వెళ్లకూడదని కట్టడి ఉన్న నీళ్లు దాటి ఇద్దరు అన్నదమ్ములు ఓనుల దీవికి వస్తారు. చిన్నవాడు కోతాకె అక్కడే ఉండిపోతాడు. మనుషులు దాడికి రాకుండా వాణ్ణి బందీగా ఉంచుకోవాలనుకుంటారు ఎర్ర ఓని నాకి, నీలి ఓని గుంజో. చూసుకునే బాధ్యత మాత్రం నాకి మీద పడుతుంది. హమదా కథలో ఊరి భయాన్ని పోగొట్టడానికి ఉపాయం కావాలి. ఈ పసివాడికి అదేమీ అక్కర్లేదు. ఓనిని చూసి గింజలు విసరాలని వాడికి ఇంకా ఎవరూ నేర్పలేదు. భయం పుట్టుకతో రాదు, పెద్దవాళ్లు చెబితేనే వస్తుంది. ఈ మాటను ఉపన్యాసం లేకుండా చెప్పడానికి పసివాడి కంటే మంచి పాత్ర దొరకదు.

ఇక దీవి సంగతి. పాత్రలను కంప్యూటర్లో తయారు చేసిన ఈ బృందం, వాళ్లు నడిచే చోట్లను మాత్రం మినియేచర్ సెట్లుగా చేత్తో కట్టింది. ఆ సెట్లను కెమెరాతో చిత్రీకరించి, నాకిని, గుంజోను, కోతాకెను వాటిలోకి చేర్చింది. ఇది చుట్టుదారిలా కనిపిస్తుంది కానీ లెక్క సరైనదే. కంప్యూటర్లో అడవిని సృష్టించాలంటే ప్రతి వేరునూ, ప్రతి రాతి మీది నాచునూ, ప్రతి పగులునూ ఎవరో ఒకరు ఆలోచించి పెట్టాలి. చేత్తో కట్టిన దాంట్లో ఆ వంకరటింకరలు పనిలోనే పుడతాయి. దీపం వేస్తే వెలుగు ఎక్కడ పడాలో, నీడ ఎంత మెత్తగా జారాలో ప్రకృతే చూసుకుంటుంది.

కష్టం తర్వాత మొదలవుతుంది. ఈ పద్ధతిలో కెమెరా కదలికను కంప్యూటర్లో వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్లీ రాబట్టాలి. లేకపోతే పాత్ర కాలు నేల మీద జారుతున్నట్టు ఉంటుంది. సెట్ నేల ఆకారాన్ని తెరపై కనబడకుండా కంప్యూటర్లో కట్టి, పాత్ర నీడ దాని మీద పడేలా చేయాలి. సెట్ మీద ఏ దిక్కు నుంచి ఎంత వెలుగు పడిందో నమోదు చేసుకుని పాత్ర మీదా అదే వెలుగు వేయాలి. చిన్న వస్తువును దగ్గర నుంచి తీస్తే వెనకంతా మసకబారి బొమ్మరిల్లు అని ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేయాలి. దానివల్ల తగ్గిన వెలుగుకు బదులుగా ఒక్కో ఫ్రేమును ఎక్కువసేపు తీయాలి. సెట్‌లో కదిలేదేమీ ఉండదు కనుక అది సాధ్యం.

ఈ శ్రమంతా కేవలం కంటికి ఇంపు కోసం అయితే ఇంతగా చెప్పుకోనక్కర్లేదు. నాకి బతికే చోటు నమ్మదగ్గ చోటు అయితేనే, అక్కడి నుంచి ఒకరు వెళ్లిపోవడం నిజమైన లోటు అవుతుంది. ఆ వెళ్లిపోవడాన్ని దర్శకులు మార్చలేదు. నాకి మనుషుల మధ్య బతకాలని గుంజో చెడ్డవాడి వేషం కడతాడు, తన్నులు తింటాడు, తప్పుకుంటాడు. కుటుంబమంతా కలిసి చూసే సినిమాలో అందరినీ ఒకచోట చేర్చి శుభం కార్డు వేయాలన్న తొందర ఎవరికైనా ఉంటుంది. వీళ్లు హమదా పెట్టిన వీడ్కోలుకు కట్టుబడ్డారు. ఈ సినిమాలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది ఈ నిర్ణయమే.

మూడేళ్ల తర్వాత అదే దర్శకుల జంట మరో వీడ్కోలును ఎత్తుకుంది. డోరేమాన్ సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో పుట్టి 80 ఏళ్లయిన సందర్భంగా తీసిన ‘స్టాండ్ బై మీ డోరేమాన్’ 2014 ఆగస్టు 8న విడుదలైంది. టీవీలో డోరేమాన్ చూస్తూ పెరిగిన తెలుగు పిల్లలకు నోబితా కొత్తవాడు కాడు. ఆ సినిమా అల్లుకున్న కథల్లో ఒకటి 1974 నాటిది. భవిష్యత్తు నుంచి నోబితాకు సాయంగా వచ్చిన రోబో పిల్లి డోరేమాన్ అక్కడికే తిరిగి వెళ్లాలి. దిగులు లేకుండా వెళ్లాలంటే, తన సాయం లేకుండా నోబితా నిలబడగలడని తెలియాలి. అందుకే నోబితా తనను ఎప్పుడూ ఏడిపించే జియాన్‌తో ఒంటరిగా తలపడతాడు. గుంజో, డోరేమాన్ ఇద్దరి త్యాగం ఒకటే: మిత్రుడి బాగు కోసం పక్కనుంచి లేచిపోవడం. జపాన్‌లో ఈ సినిమా 800 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసింది. జపాన్ అకాడమీ ఉత్తమ యానిమేషన్ చిత్రం బహుమతి కూడా గెలిచింది. 2024లో ‘గాడ్జిలా మైనస్ వన్’కు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకున్నప్పుడు ప్రపంచం యమజాకి పేరు గట్టిగా విన్నది. ఆ పనీ షిరోగుమిలోనే జరిగింది.

ఆ ఆస్కార్ వెనక సాంకేతికత ఎంత ఉందో, ‘నాకి’లో కనిపించిన పట్టుదలా అంతే ఉందని నేను నమ్ముతాను. యంత్రం ఎంత కొత్తదైనా, పాత కథలోని కష్టమైన మాటను పిల్లల దాకా చెక్కుచెదరకుండా చేర్చడానికే వాడాలి. పిల్లలు దుఃఖాన్ని మోయగలరని హమదా 1933లోనే నమ్మారు. పిల్లల కోసం సినిమా తీసే ప్రతివాళ్లూ ముందుగా సంపాదించుకోవాల్సింది ఆ నమ్మకమే.