సుంకేసుల తూము నుంచి సర్వర్ వరుస దాకా

తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలై కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగే కర్నూలు–కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో తవ్వించగా, పెట్టుబడికి తగిన రాబడి లేని ఆ కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. చివరి ఆయకట్టుకు నీరు అందనప్పుడు ఈ కాలువ మీద తలెత్తే ప్రశ్నలు నేటికీ అవే: తూము దగ్గరే తక్కువ వదిలారా, దారిలో ఇంకిపోయిందా, గండి పడిందా, ఎగువవారు వంతుకు మించి మళ్ళించుకున్నారా? ఒక గేజి లెక్కను దాని దిగువ గేజి లెక్కతో సరిచూస్తే తప్ప జవాబు తేలదు. రద్దీ సర్వర్‌లో ప్యాకెట్లు, అంటే సమాచారాన్ని ముక్కలు చేసి పంపే చిన్న కట్టలు, ఎక్కడ రాలిపోతున్నాయో కనిపెట్టే పద్ధతీ ఇదే. తేడా ఒక్కటే: ఇంకిన నీటి సంగతి తూము కాపలా కాసే లస్కరుకు తెలియదు, పోయిన ప్యాకెట్ సంగతి మాత్రం పంపిన యంత్రానికి తెలుస్తుంది.

తెలిసినప్పుడు ఏం చేయాలో నేర్పినది 1986 నాటి అనుభవం. ఆ అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, 400 గజాల దూరంలోని విశ్వవిద్యాలయానికీ మధ్య సమాచార వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. పోయినవాటిని యంత్రాలన్నీ మళ్ళీ మళ్ళీ పంపుతూ రద్దీని పెంచుతున్నాయని గ్రహించిన వాన్ జాకబ్సన్, ప్యాకెట్ పోతే వేగం తగ్గించుకోవాలన్న నియమాన్ని 1988లో వివరించాడు. 1986లోనే జొనాథన్ టర్నర్ ప్రవాహాన్ని ఒక హద్దులో ఉంచే ‘చిల్లు బకెట్’ పద్ధతిని ప్రతిపాదించాడు. అక్కడి నుంచి దారులు రెండయ్యాయి: హద్దు దాటినదాన్ని అక్కడికక్కడే పారవేయడం పోలీసింగ్, వరుసలో నిలిపి మెల్లగా వదలడం షేపింగ్. మొదటిది చవక, అందుకే వ్యాపించింది. దాని ఖర్చు వీడియోలు చూసేవారి మీద పడింది. పోలీసింగ్‌కు గురైన ప్రవాహాల్లో నష్టం సగటున ఆరు రెట్లు ఎక్కువని 2016లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

షేపింగ్‌లోనూ నష్టం తప్పదు, ఎందుకంటే వరుసకు హద్దు ఉంటుంది. చెక్ దేశీయుడు మార్టిన్ దెవెరా రూపొందించిన హెచ్‌టీబీ అనే షేపర్ 2002లో లినక్స్ 2.4.20లో చేరిన తరువాత, ఒకే తీగపై వాడుకరులకు వేర్వేరు వాటాలు కేటాయించడం మామూలైంది. దాని లెక్కలు చూపే ‘టీసీ’ ఆదేశంలో ‘ఓవర్‌లిమిట్స్’ అన్న అంకె వేలల్లో కనబడగానే కంగారుపడేవారు చాలామంది. నిజానికి అది ప్యాకెట్లను ఆపిన సందర్భాల లెక్కే గాని నష్టం కాదు. నష్టం ‘డ్రాప్డ్’ అన్నచోట ఉంటుంది. అక్కడ సున్నా ఉండి, నెట్‌వర్క్ కార్డు లెక్కలు చూపే ‘ఎథ్‌టూల్’లో నష్టపు అంకె పెరుగుతుంటే, ప్యాకెట్ షేపర్‌ను చేరకముందే, లోనికి వచ్చే దారిలో కార్డు దగ్గరే పోయిందన్నమాట, అప్పుడు వాటాలు ఎంత మార్చినా ఫలితం శూన్యం. వరుస పొడుగు పెంచడం అందరికీ ముందు తోచే మందు, కాని నష్టం తగ్గినట్టే కనిపించి ఆలస్యం పెరుగుతుంది. ఈ జబ్బుకు జిమ్ గెట్టిస్ 2010 ప్రాంతంలో ‘బఫర్‌బ్లోట్’ అని పేరు పెట్టాడు. పంపినవారు వేగం తగ్గించుకోవలసిన కబురు ఆలస్యంగా అందడమే దాని మూలం.

పెద్ద సర్వర్లలో మరో చిక్కు వచ్చింది. ఎన్ని ప్రాసెసర్లున్నా హెచ్‌టీబీ వరుసకు తాళం ఒక్కటే కావడంతో అవి ఒకదాని కోసం ఒకటి ఎదురుచూడవలసి వచ్చేది. నందితా దుక్కిపాటి తదితరులు గూగుల్‌లో రూపొందించి 2017లో ప్రకటించిన ‘క్యారౌసెల్’ ఈ తీరును మార్చి, ప్రతి ప్యాకెట్‌కూ అది బయలుదేరవలసిన సమయాన్ని ముందే నమోదు చేసి, ప్రాసెసర్‌కు ఒకటి చొప్పున ఉండే కాలచక్రం వంటి అమరికలో ఉంచుతుంది. చోటు నిండితే ప్యాకెట్‌ను పారవేయకుండా, మరిన్ని పంపవద్దని పైనున్న ప్రోగ్రామ్‌కు సూచిస్తుంది. వీడియో సేవలో దీనిని వాడినప్పుడు యంత్రం మొత్తం ప్రాసెసర్ వినియోగం 8 శాతం మెరుగుపడింది. బయలుదేరే సమయం ముందే నిర్ణయించే ఈ తీరు 2018లో లినక్స్ 4.20లోకీ వచ్చింది.