కౌంటరు ఇవతలి పని

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి వనస్థలిపురం దాకా కాలనీల పేర్లు చదువుకుంటూ పోతే ఏ ఆఫీసు ఉద్యోగులు ఎక్కడ ఇళ్లు కట్టుకున్నారో చాలావరకు తెలిసిపోతుంది. పీ అండ్ టీ కాలనీ, ఎన్‌జీవోస్ కాలనీ, ఎల్‌బీ నగర్‌లో ఎస్‌బీహెచ్ వెంచర్. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయినా కాలనీకి ఆ పేరు పోలేదు. ఇంకోవైపు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో ఉండి క్లర్కు, పీవో పరీక్షలకు చదువుతుంటారు. బ్యాంకు ఉద్యోగానికి సిద్ధమయ్యేవాళ్లూ, ఆ ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లూ ఒకే రోడ్డు మీద ఎదురుపడే చోటు ఇది. నడుమ ఉన్న ముప్పై చిల్లర ఏళ్లలో ఆ ఉద్యోగి తన చుట్టూ ఉన్న జనానికి ఏం చేశాడు, చేయమని బ్యాంకు ఎంతవరకు ప్రోత్సహించింది అన్నది ఇక్కడ అడగదగ్గ ప్రశ్న.

మన దగ్గర ఈ కథ బందరులో మొదలవుతుంది. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, 28న వ్యాపారం ప్రారంభించింది. చెల్లింపు మూలధనం లక్ష రూపాయలు. పట్టాభి వైద్యుడు, స్వాతంత్ర్యోద్యమ నాయకుడు. తెలుగువాళ్లకు సొంత బ్యాంకు ఉండటమే దేశసేవ అని నమ్మిన కాలం అది. బ్యాంకు పెట్టడమే సేవ అయినప్పుడు, అందులో పనిచేసే గుమాస్తా వేరుగా సేవ చేయాలన్న ఆలోచనకు తావు లేదు. ఇటు నిజాం రాజ్యంలో 1941 చట్టంతో ఏర్పడిన హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ (తర్వాతి ఎస్‌బీహెచ్) 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో పని మొదలుపెట్టింది. సర్కారు ఖజానా చూడటం, ఉస్మానియా సిక్కా వ్యవహారాలు నడపడం దాని పని. బందరు బ్యాంకు ఉద్యమంలోంచి పుడితే గన్‌ఫౌండ్రీ బ్యాంకు సర్కారులోంచి పుట్టింది. ఊరి జనంతో ఉద్యోగికి ఉండాల్సిన సంబంధం గురించి రెండూ పెద్దగా ఆలోచించలేదనే నా అభిప్రాయం.

1969 జులై 19న పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేశారు. అదే ఏడాది డిసెంబరులో, ఒక్కో జిల్లా బాధ్యతను ఒక్కో బ్యాంకుకు అప్పగించే లీడ్ బ్యాంక్ పథకం వచ్చింది. పట్నంలో పెరిగిన ఉద్యోగులు మొదటిసారి పల్లెల్లో కాపురం పెట్టారు. అది స్వచ్ఛంద సేవ కాదు, డ్యూటీ. అయినా రైతు గడప తొక్కకుండా, పొలం గట్టు చూడకుండా అప్పు ఇవ్వలేమని ఆ తరం నేర్చుకుంది.

అసలైన మలుపు 1973లో వచ్చింది. అప్పుడు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా ఛైర్మన్ ఆర్.కె. తల్వార్. శ్రీ అరవిందులను, మాతను గురువులుగా ఎంచుకున్న మనిషి. ఎమర్జెన్సీలో అధికారంలో ఉన్నవాళ్ల మాటకు తలవంచనందుకు 1976లో పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆయన హయాంలో ‘ఇన్నొవేటివ్ బ్యాంకింగ్’ పేరుతో మొదలైన కార్యక్రమమే తర్వాత ‘కమ్యూనిటీ సర్వీసెస్ బ్యాంకింగ్’ అయింది. లాభం ఆశించని పని అని బ్యాంకే దాన్ని నిర్వచించింది. శాఖలూ పరిపాలనా కార్యాలయాలూ తమ చుట్టుపక్కల సంక్షేమ పనుల్లో పాలుపంచుకోవాలన్నది ఉద్దేశం. డిపాజిట్లు తేవడం, అప్పులు వసూలు చేయడం అనే లెక్కల నుంచి సేవను విడదీసి పక్కన నిలబెట్టడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. ఈ విడదీత ఎంత అవసరమో ఇప్పటి శాఖల్లో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. సేవా శిబిరం పేరుతో వెళ్లి బీమా పాలసీలు అమ్ముకుని రావాల్సి వస్తే, ఆ ఉద్యోగి రెండోసారి మనసుపెట్టి వెళ్లడు. జనం కూడా రెండోసారి తలుపు తీయరు.

1983లో అదే బ్యాంకు బాలల సంక్షేమ నిధిని ట్రస్టుగా ఏర్పాటు చేసింది. ఉద్యోగులు తమ జీతంలోంచి ఇచ్చే చందాలకు బ్యాంకు అంతే మొత్తం కలుపుతుంది. నిరుపేద పిల్లల కోసం పనిచేసే సంస్థలకు ఆ డబ్బు వెళుతుంది. ‘నువ్వు ఒక రూపాయి వేస్తే నేనొకటి వేస్తాను’ అనే ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. ఉద్యోగి మంచితనాన్ని పొగిడి ఊరుకోకుండా దానికి బ్యాంకు తన వంతు జోడించింది. కానీ ఒకటి గమనించాలి. జోడించింది డబ్బుకే. ఉద్యోగి ఇచ్చే సమయానికి అలాంటి జోడింపు అప్పుడు రాలేదు.

తొంభైల్లో పొదుపు సంఘాలు వచ్చాయి. 1992లో నాబార్డు ఐదు వందల సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం మొదలుపెట్టింది. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక పోరాటం చేసిన ఆడవాళ్లు పొదుపు వైపు తిరిగింది కూడా ఆ రోజుల్లోనే. సంఘం పుస్తకాలు ఎలా రాయాలో చాప మీద కూర్చుని నేర్పిన ఫీల్డ్ ఆఫీసర్ల తరం అది.

తర్వాత సేవ చట్టంలోకి ఎక్కింది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. కంపెనీలుగా నమోదైన ప్రైవేటు బ్యాంకులకు ఇది వర్తిస్తుంది. స్టేట్ బ్యాంకుకూ జాతీయ బ్యాంకులకూ వేరే చట్టాలున్నాయి. ఉద్యోగులను ఈ పనుల్లో భాగం చేయాలని ప్రభుత్వమే చెప్పింది. వాళ్లు ఉచితంగా చేసిన సేవకు వెలకట్టి ఈ ఖర్చులో చూపకూడదని కూడా స్పష్టం చేసింది. దొంగలెక్కలు రాకుండా ఆ జాగ్రత్త అవసరమే. ఫలితం మాత్రం ఒకటే: రూపాయికి పద్దు ఉంది, గంటకు లేదు.

డబ్బు ఎంత తేలిగ్గా పోగవుతుందో 2020లో చూశాం. కరోనా మొదలవగానే స్టేట్ బ్యాంకుకు చెందిన సుమారు 2,56,000 మంది ఉద్యోగులు రెండు రోజుల జీతం, మొత్తం వంద కోట్లు, పీఎం కేర్స్ నిధికి ఇచ్చేందుకు ముందుకొచ్చారు. అదే ఏడాది అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు సరూర్‌నగర్, మీర్‌పేట, ఎల్‌బీ నగర్ వైపు కాలనీలు మునిగాయి. ఇంట్లోకి నీళ్లొచ్చిన కుటుంబానికి అన్నం పొట్లం, దుప్పటి తర్వాత కావాల్సింది కాగితం. తడిసిపోయిన పాసుపుస్తకానికి డూప్లికేట్, బీమా క్లెయిము, లాకర్ పత్రాల నకళ్లు. ఈ పని చందాతో కాదు, తెలిసిన మనిషి పక్కన కూర్చుని ఫారం నింపితేనే అవుతుంది.

కొన్ని విదేశీ బ్యాంకులు సమయాన్నే ఇస్తున్నాయి. స్టాండర్డ్ చార్టర్డ్ ఏడాదికి మూడు రోజుల జీతంతో కూడిన సెలవు ఇస్తుంది. హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు ఉన్న బ్యాంక్ ఆఫ్ అమెరికా వారానికి రెండు గంటల వరకు అనుమతిస్తుంది. మన బ్యాంకులకు 2015 సెప్టెంబరు 1 నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు. ప్రతి శనివారం సెలవు ఇచ్చేందుకు 2024 మార్చిలో యాజమాన్యాల సంఘం, యూనియన్లు ఒప్పుకుని ప్రభుత్వ ఆమోదానికి పంపాయి. ఆ సెలవు ఉద్యోగి విశ్రాంతి కోసం, దాన్ని లాక్కుని సేవ చేయమనడం అన్యాయం. సేవకు ఇచ్చే సమయం పని గంటల్లోంచి రావాలి.

ఇంకో చిక్కు బదిలీలు. శాఖ తరఫున ఒక బడినో ఆశ్రమాన్నో చూసుకునే మేనేజరు రెండు మూడేళ్లకు వేరే ఊరు వెళ్లిపోతే ఆ పని ఆగిపోతుంది. కొత్తగా వచ్చినవారికి ఆ పిల్లల పేర్లు తెలియవు. యాభై ఏళ్లుగా మనం సేవను శాఖకు కట్టాం. ఉద్యోగి ఇంటికి కట్టి ఉండాల్సింది. క్లర్కుల నియామకం రాష్ట్రాలవారీగా, స్థానిక భాష వచ్చినవాళ్లతో జరుగుతుంది కాబట్టి వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఒకే ప్రాంతంలో ఉంటారు. రిటైరైనవాళ్లు ఎలాగూ కదలరు. ఎస్‌బీహెచ్ వెంచర్ లాంటి కాలనీల్లో ఉన్న అనుభవాన్ని ఏ ట్రైనింగ్ సెంటరూ తయారుచేయలేదు.

చేతినిండా పని ఉంది కూడా. నవంబరు వస్తే పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. పదేళ్లు కదలని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళతాయి, వాటిని వెతుక్కోవడానికి 2023 ఆగస్టులో వచ్చిన ‘ఉద్గమ్’ పోర్టల్ ఉందని చాలా ఇళ్లలో తెలియదు. ‘డిజిటల్ అరెస్ట్’ అని వీడియో కాల్‌లో బెదిరిస్తే పెద్దవాళ్లు వణికిపోయి దాచుకున్నదంతా పంపేస్తున్నారు. అలాంటి అరెస్టు చట్టంలో లేదనీ, వెంటనే 1930కి ఫోన్ చేయాలనీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నలుగురిని కూర్చోబెట్టి చెప్పడానికి బ్యాంకులో పనిచేసిన పక్కింటాయన కంటే నమ్మదగినవాడు ఎవరు?

మెట్రోలో ఎల్‌బీ నగర్‌కు ముందు స్టేషన్ విక్టోరియా మెమోరియల్. నిజాం కాలం నుంచి అనాథ పిల్లలకు నీడనిచ్చిన హోమ్ పేరు అది. పదేళ్లు దాటిన పిల్లలు తమ పొదుపు ఖాతాను తామే నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. ఈ ప్రాంతంలోని శాఖలు నెలకు ఒక పూట ఆ ఖాతా నడపడం నేర్పడానికి తమ క్లర్కులను పని గంటల్లోనే అలాంటి చోటికి పంపి, ఆ గంటలను సర్వీసు రికార్డులో రాస్తే, తల్వార్ మొదలుపెట్టిన పనికి ఇన్నాళ్లూ లేని ఆ రెండో జోడింపు, ఉద్యోగి సమయానికి జోడింపు, ఎల్‌బీ నగర్‌లోనే మొదలవుతుంది.